పాట అనుకుని ఎత్తుకున్న గంట

"గట్టిగా చెప్పు నాయనా, గట్టిగా! గోధుమలా, మొక్కజొన్నలా? మెత్తగా ఆడాలా, బరకగానా? ఊరికే తల ఊపితే నేనేం చేసుకోను? నాకు వినపడట్లేదనుకుంటున్నావేమో, ఈ మిల్లులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. తప్పంతా ఆ బెల్టుది. అదిగో, ఆ బల్ల మీద కూర్చో. బస్తా మీద కూర్చోకు, లేచేసరికి వెనకంతా తెల్లగా అవుతుంది. మీ ఇంట్లోవాళ్ళు నన్ను తిడతారు."

మాట పూర్తికాకముందే సంచి మూతి విప్పి గోధుమలు తొట్టిలో గుమ్మరించేశాడు మిల్లాయన. గింజల్లోకి చెయ్యి దూర్చి ఒకసారి కలియతిప్పాడు. రాయి ఉన్నా, మేకు ఉన్నా కళ్ళకంటే ముందు వేళ్ళే చెప్తాయని ఆయన నమ్మకం. కాసేపటికి గొట్టానికి కట్టిన గుడ్డ తొడుగులోంచి పిండి వెచ్చగా డబ్బాలోకి దిగడం మొదలైంది. ఆయన కనుబొమ్మల మీద పిండి, చెవుల మీది వెంట్రుకల మీద పిండి, చొక్కా మడతల్లో పిండి. ఈ మనిషి అసలు రంగేమిటో ఆదివారం చర్చికి వస్తే తప్ప ఊరికి తెలియదని ఆయన భార్య అంటూ ఉంటుంది.

ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఆయన మిల్లాయన, ఆవిడ మిల్లావిడ, అంతే. ఈ మధ్య, జనవరి ఒకటో తారీకు దాటాక, కొందరు 'గంటాయనా' అని కొత్తగా పిలవడం మొదలుపెట్టారు. అలా పిలిస్తే ఆయన పలకడు. వినపడక పలకడో, వినపడే పలకడో తేల్చుకోవడం కష్టం.

"గంట సంగతేగా నువ్వూ అడగబోతున్నది? నీ మొహం చూస్తే తెలుస్తోందిలే. వచ్చినవాళ్ళందరూ గోధుమల వంకతో అదే అడుగుతున్నారు. ఈ వాయి అయిపోనీ, మోటారు ఆపి చెప్తా. దీని మీద అరుస్తూ చెప్తే ప్రార్థన సంగతి కూడా పోట్లాటలా ఉంటుంది."

వాయి అయింది. మోటారు ఆగింది. బెల్టు కాసేపు టపటపా కొట్టుకుని నీరసంగా వేలాడింది. మిల్లంతా ఒక్కసారిగా ఖాళీ అయినట్టయింది కానీ ఆయన గొంతు మాత్రం పిసరంత కూడా తగ్గలేదు. ఆ గొంతుతోనే ఆయన బతికాడు, నిజానికి.

మీసాలు సరిగ్గా రాకముందు ఈ మిల్లుకే బస్తాలు మొయ్యడానికి వచ్చాడు. అప్పటి యజమాని మెల్లగా మాట్లాడే మనిషి. మోటారు తిరుగుతుంటే ఆయన మాట పక్కవాడికి కూడా చేరేది కాదు. "ఒరేయ్, నేను చెప్పేది నువ్వు అరిచి చెప్పరా" అని ఈయన్ని దగ్గర నిలబెట్టుకున్నాడు. అలా మోత పనితో పాటు అరుపు పని కూడా దొరికింది. తర్వాత పిండి ఆడే రాళ్ళు విప్పి మళ్ళీ గాట్లు పెట్టడం, బెల్టు అతుకు వెయ్యడం, మోటారు మొరాయిస్తే బుజ్జగించడం, అన్నీ నేర్చుకున్నాడు. యజమాని పోయాక ఆయన పిల్లలెవరికీ ఈ దుమ్ము ఇష్టంలేక మిల్లు ఈయన చేతికే వచ్చింది.

ఆవిడ కూడా మిల్లులోనే పరిచయం. వాళ్ళమ్మతో కలిసి మొక్కజొన్నలు తెచ్చింది. ఈయన అలవాటు కొద్దీ "మెత్తగానా, బరకగానా?" అని ఒక్క అరుపు అరిచాడు. ఆ పిల్ల వెనక్కి తగ్గలేదు. "మెల్లగా అడగొచ్చుగా, నాకేం చెవుడు లేదు" అంది. ఎవరైనా తనని గొంతు తగ్గించమనడం అదే మొదటిసారి. ఆ రోజు పిండి మెత్తగా ఆడాడో, బరకగా ఆడాడో ఇప్పటికీ గుర్తులేదంటాడు. పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు, పెళ్ళయింది. పాస్టరుగారు "నీకు సమ్మతమేనా" అంటే ఈయన "ఔను" అన్న అరుపుకి చర్చి చూరులోని పావురాలన్నీ లేచిపోయాయట. ఆవిడ ఆ పావురాల్ని ఇంకా మర్చిపోలేదు, ఆయన్నీ మర్చిపోనివ్వదు.

పాట మాత్రం ఓ సమాధి దగ్గర దొరికింది. వాళ్ళ చర్చిలో వాయిద్యాలు లేవు. ఒకప్పుడు ఒక హార్మోనియం ఉండేది, దాని తిత్తిని ఎలుకలు కొరికేశాయి. అందుకని ఎవరో ఒకరు ముందు నిలబడి పాట ఎత్తాలి. ఎత్తడమంటే ఊరికే మొదలుపెట్టడం అనుకుంటారు తెలియనివాళ్ళు. మొదటి మాట ఏ ఎత్తున పడితే చర్చి మొత్తం అక్కడికి ఎక్కాలి. ఎక్కువైతే ముసలివాళ్ళకి అందదు, తక్కువైతే ఆడవాళ్ళ గొంతులు దిగవు. అప్పట్లో ఆ పని చేసే బడిపంతులు, తన తల్లిని పూడ్చే రోజున నోరు తెరవలేకపోయాడు. వాన పడుతోంది. అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. వెనకెక్కడో పార పట్టుకుని నిలబడ్డ మిల్లు కుర్రాడు పాట ఎత్తాడు. వాన చప్పుడు మీదుగా, మోటారు చప్పుడు మీదుగా ఎత్తినట్టే ఎత్తాడు. జనమంతా అందుకున్నారు. ఆ తర్వాత పంతులు మళ్ళీ ముందుకి రాలేదు. పెళ్ళికైనా, పుట్టుకకైనా, చావుకైనా, ఆదివారమైనా పాట మిల్లాయనదే అయిపోయింది.

"అయిపోయిందని నేననుకున్నాను" అన్నాడాయన. "మా చర్చిలో ఎవరిదీ ఏదీ అయిపోదు. ఏడాదికొకసారి అన్నీ దింపాల్సిందే."

అది నిజం. ఆ చర్చిలో కొత్త సంవత్సరం అంటే కొత్త బట్టల కంటే పెద్ద సంగతి పనులెత్తుకోవడం. జనవరి ఒకటిన పొద్దుటి ఆరాధనలో ప్రసంగం అయ్యాక, ఏడాది పొడుగునా చర్చి పని చేసినవాళ్ళందరూ లేచి "దింపేశాం" అంటారు. ఆ కాస్త సేపు ఆ చర్చికి ఊడ్చే మనిషి లేదు, తాళం తీసే మనిషి లేదు, ఆరాధన బల్ల మీది గుడ్డలు ఉతికే మనిషి లేదు. పోయినేడు పని సరిగ్గా చెయ్యనివాళ్ళకి అక్కడితో మాఫీ. తర్వాత పాస్టరుగారు ఒక్కో పని పేరూ పిలిచి "ఎవరు ఎత్తుకుంటారు?" అని అడుగుతారు. ఎవరు ముందు నిలబడి "నేను ఎత్తుకుంటాను" అంటే వాళ్ళదే. చర్చ లేదు. ఒకరికి ఒకటే పని. నిలబడ్డాక కూర్చోవడానికి లేదు, మళ్ళీ కొత్త సంవత్సరం దాకా అది ఆ మనిషి నెత్తిన ఉండాల్సిందే. వెనకటికి సంఘ పెద్దలు పనులు పంచేవారట. పంచిన ప్రతిసారీ ఈస్టర్ దాకా తగువులే. విసిగిపోయిన ఎవరో పాత పాస్టరుగారు ఈ పద్ధతి పెట్టి పోయారు.

మామూలుగా ఎవరు దింపింది వాళ్ళే ఎత్తుకుంటారు. అయినా సరే, దింపేశాం అన్నప్పటి నుంచి పాట వంతు వచ్చేదాకా మిల్లాయనకి ప్రతి ఏడూ అరికాళ్ళు చల్లబడేవి. బెంచీ అంచున కూర్చుని పాస్టరుగారి నోటివంకే చూస్తుండేవాడు.

నోటివంక చూడ్డానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ కారణం అప్పటికి ఆయనకే తెలియదు.

చెవులు ఒక్కరోజులో పోలేదు. బెల్టు అరిగినట్టు అరిగాయి. మిల్లులో ఎలాగూ ఎవరికీ వినపడదు. ఇంట్లో ఆవిడ ఏడాదికింత గొంతు పెంచుకుంటూ పోయింది. పక్కూరిలో ఉన్న కూతురు ఫోన్ చేస్తే ఆవిడే మాట్లాడి చెప్పేది. బయట ఎవరి మాటైనా అందకపోతే "ఈ కాలం వాళ్ళు మాటని నోట్లోనే నమిలేస్తారు" అని తీర్మానించేవాడు. తన గొంతు తనకి చేరకపోయేసరికి, తగ్గిందేమో అనుకుని ఇంకాస్త ఎత్తేవాడు. అలా పాట ఏడాదికో మెట్టు ఎక్కుతూ పోయింది.

ఈ ఏడాది గంట తాత సంగతి ఒకటి తోడైంది. తాత ఎంతకాలంగా చర్చి గంట కొడుతున్నాడో తాతకే తెలియదు. భుజం పైకి లేవడం మానేసింది. ప్రతి కొత్త సంవత్సరం "దింపేశాను" అని ఆశగా చుట్టూ చూసేవాడు. చలిలో అందరికంటే ముందొచ్చి, చర్చి వెనక ఎవరికీ కనపడకుండా చేసే పని ఎవరికి కావాలి? ఎవరూ లేవకపోతే మళ్ళీ ఆయనే లేచి నిలబడేవాడు. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారికి అది చూడబుద్ధి కాలేదు. ముందు గంట సంగతి తేల్చేద్దామని వరస మార్చారు. ఎప్పుడూ ఊడ్పు, తాళం, పాట, గుడ్డలు, చివర గంట. ఈసారి ఊడ్పు, తాళం అయ్యాక, వెనక బెంచీలో ఉన్న తాతవైపు తిరిగి అడిగారు:

"గంట ఎవరు ఎత్తుకుంటారు?"

మిల్లాయనకి పాస్టరుగారి చెంప మాత్రమే కనిపించింది. మూడో పిలుపు. చివర 'ట' ఉంది. ఎత్తుకుంటారా అని అడుగుతున్నారు. ఇంకేం కావాలి?

"నేను ఎత్తుకుంటాను!" అని లేచాడు.

జనమంతా ఒక్కసారి ఆయనవైపు తిరిగారు. పాస్టరుగారు రెండు అడుగులు ముందుకొచ్చారు. "గంటేనా అండీ?"

"సందేహమేంటి పాస్టరుగారూ! ఇన్నేళ్ళుగా ఎత్తుతున్నది ఎవరు మరి?"

ఆడవాళ్ళ వైపు ఎవరో నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఈలోగా గంట తాత వెనక నుంచి కర్ర పొడుచుకుంటూ వచ్చి ఈయన రెండు చేతులూ పట్టేసుకున్నాడు. కళ్ళంట నీళ్ళు కారిపోతున్నాయి. "నా భుజం కాపాడావు నాయనా."

తన పాట అంటే ముసలాయనకి ఇంత అభిమానమా అని మిల్లాయన కరిగిపోయాడు. "ఊరుకో తాతా, పాటేగా" అన్నాడు.

తాతకీ చెవులు అంతంతమాత్రమే. "ఆఁ, కాస్త నూనె వేస్తే బాగా మోగుతుంది" అన్నాడు.

తర్వాతి పిలుపు దగ్గర పాస్టరుగారి గొంతు తడబడింది. "పాట... పాట ఎవరు ఎత్తుకుంటారు?"

ఎవరూ కదల్లేదు. అందరూ మిల్లాయనవంకే చూస్తున్నారు. ఆయన నిశ్చింతగా కూర్చున్నాడు. పాట అయిపోయింది కాబట్టి ఇప్పుడు అడిగింది గుడ్డలు. గుడ్డల పని ఏటా తన భార్యదే. అందరూ తనవైపు చూస్తున్నది ఆవిడ లేవనందుకే అనుకున్నాడు. ఆడవాళ్ళ వైపు తిరిగి గడ్డంతో సైగ చేశాడు, లెమ్మని. ఆవిడ బొమ్మలా కూర్చుని ఈయన్నే చూస్తోంది. ఈయనకి చిరాకేసింది. "లేవవే! అందర్నీ కూర్చోబెడతావేంటి?" అన్నాడు, తన లెక్కలో గుసగుసగా. చర్చంతా విన్నది.

ఆవిడ మెల్లగా లేచింది. "నేను ఎత్తుకుంటాను" అంది.

మిల్లాయన సంతోషంగా తల ఊపాడు. గుడ్డల పని పాస్టరమ్మగారు ఎత్తుకోవడం, ఆవిడకి ఆడవాళ్ళు చప్పట్లు కొట్టడం ఆయన గమనించలేదు. ముగింపు పాటకి ఎప్పటిలాగే లేచి వెళ్ళి ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. చూస్తే భార్య.

"నువ్విక్కడికి ఎందుకొచ్చావే?"

ఆవిడ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. "పాట నాది. మీరు గంట ఎత్తుకున్నారు."

"చాలాకాలం తర్వాత ఒక మాట మొత్తం వినపడింది నాకు" అన్నాడు మిల్లాయన, పిండి డబ్బా మీద తట్టుతూ. "ఒక్క అక్షరం పోలేదు."

కూర్చోవడానికి ఆయనకి బెంచీలో చోటు కూడా లేదు. పాట ఎత్తేవాడు ముందు నిలబడతాడు కాబట్టి ఆ చోట్లో అప్పటికే వేరేవాళ్ళు సర్దుకున్నారు. తల దించుకుని నడవాలోంచి వెనక్కి నడిచి, వెనక తలుపు బయట, గంట తాడు వేలాడే చోట నిలబడ్డాడు.

ఇంటికెళ్ళాక చొక్కా అయినా విప్పకుండా మొదలుపెట్టాడు.

"నీకు బుద్ధుందా? అందరి ముందూ లేస్తావా?"

"మీరేగా లేవమన్నారు."

"గుడ్డలకనుకున్నాను!"

"అనుకుంటారు. గంటంటే పాటనుకున్నారు, పాటంటే గుడ్డలనుకున్నారు. ఇంకా నయం, పెళ్ళిలో ఏమడిగారో తెలిసే ఔనన్నారు."

"ఇప్పుడే వెళ్ళి పాస్టరుగారితో చెప్పి మార్పిస్తాను."

"నిలబడ్డాక కూర్చోవడానికి లేదు. ప్రతి ఏడూ ఆ మాట అందరికంటే గట్టిగా అనేది మీరే కదా."

ఆయన మంచం మీద కూలబడ్డాడు. ఆవిడ నీళ్ళ గ్లాసు తెచ్చి చేతికిచ్చి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయనకి తన నోరు కనపడేలా కూర్చుంది. అప్పుడు చెప్పింది.

"మీ పాట మాకు అందట్లేదండీ. చాలాకాలమైంది. మీరెత్తిన చోటికి రావాలంటే మేం నిచ్చెన వేసుకోవాలి. ఊరికే పెదవులాడించి ఊరుకుంటున్నాం."

"ఎవరు?"

"అందరం."

"నువ్వూనా?"

"అందరికంటే ముందు మానేసింది నేనే. నాకెలాగూ ఆయాసం."

"మరి చర్చి అయ్యాక వచ్చి 'పాట అదిరిపోయింది' అంటారుగా వెధవలు!"

"ఏమంటారు మరి? ఈ ఊళ్ళో ప్రతి ఇంటి సమాధి దగ్గరా ఎత్తిన గొంతు మీది. దాన్ని తగ్గించమని అడగడానికి ఎవరికి నోరొస్తుంది? పాస్టరుగారు నన్ను చెప్పమన్నారు. నాకూ రాలేదు."

ఆయన నీళ్ళు తాగలేదు. గ్లాసు అలాగే పట్టుకుని, "అయితే ఇక నేను చర్చికి రాను" అన్నాడు.

ఆ వారమంతా ఇంట్లో మాటల్లేవు. మిల్లులో రాళ్ళు విప్పి, గాట్లు పెట్టనవసరం లేకపోయినా పెట్టాడు. ఇన్నాళ్ళూ తన వెనక నిలబడ్డ జనం పాడుతున్నారనుకున్నాడు. ఒక్కడే పాడుకున్నాడన్నమాట. పాట లేకపోతే ఆ చర్చిలో తనెవరు? బస్తాలు మోసేవాడు, అంతే. గంటకి ఇంకెవరినైనా చూసుకోమని చెప్పేస్తే సరిపోతుందని నిర్ణయించుకున్నాడు. నిలబడ్డవాడు కూర్చోకూడదంటారు, సరే, ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటే అనుకోనీ.

ఆ మాట చెప్పేద్దామనుకున్న రోజే గంట తాత మిల్లుకి వచ్చాడు. ఆడించడానికి ఏమీ తేలేదు. బల్ల మీద కూర్చుని ఆయాసం తీర్చుకుని, జేబులోంచి ఒక తాడు ముక్క తీశాడు. దాన్ని దూలానికి కట్టమన్నాడు. కట్టాక కొస ఈయన చేతిలో పెట్టాడు.

"నువ్వు లాగుతావు. అందరూ లాగుతారు. లాగడం గాడిదకి కూడా వచ్చు. వదలడం నేర్చుకో. గంట వెళ్ళి తనంతట తనే తిరిగొస్తుంది. వచ్చేటప్పుడు దారివ్వాలి. ఇవ్వకుండా పట్టుకుని గుంజావనుకో, చావు గంటలాగా ఒక్కటే కొట్టి ఊరుకుంటుంది. జనం ఏడుస్తూ పరిగెత్తుకొస్తారు."

"తాతా, నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు మిల్లాయన.

"ఆఁ?"

"ఆ రోజు నేను..."

తాత ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటున్నాడు, ఎవరిదో వస్తువు సర్దుతున్నట్టు. పెట్టుకుని ఈయనవైపు చూసి నవ్వాడు. బోసి నవ్వు. ఆ వారం ఎన్నో ఏళ్ళ తర్వాత బోర్లా పడుకుని నిద్రపోయానని చెప్పాడు.

"నోరు తెరిచాను నాయనా" అని గోధుమలు తెచ్చినవాడితో అన్నాడు మిల్లాయన. "పాటనుకుని లేచాను తాతా, గంట నాకొద్దు అని చెప్పాలి. ఇంతే మాట. రాలేదు. ఎంత మోటారు మీదైనా అరవగలను కదా నేను, ఆ ఒక్కటీ రాలేదు. 'తాడు నూలుదా, నారదా?' అని అడిగి ఊరుకున్నాను. అప్పుడర్థమైంది, వీళ్ళందరికీ నా దగ్గర ఎలా ఉండేదో."

ఆదివారం పొద్దున్నే లేచాడు. ఆవిడ పడుకున్నట్టే పడుకుని చూస్తోంది. ఆయన నూనె సీసా, పాత గుడ్డ తీసుకుని చెప్పులేసుకున్నాడు.

"ఎక్కడికండీ?"

"గంటకి."

"స్వెటర్ వేసుకోండి" అంది. అంతే, ఇంట్లో మాటలు కలిసిపోయాయి.

చర్చి వెనక చెక్క స్తంభాల మధ్య గంట మంచుతో తడిసి ఉంది. నిచ్చెన ఎక్కి ఇరుసుకి నూనె వేశాడు. దిగి, చేతులు రుద్దుకుని తాడు పట్టుకున్నాడు. తాత చెప్పిందంతా గుర్తుంది, చేతులకి మాత్రం లేదు. గట్టిగా గుంజి పట్టేసుకున్నాడు. ఠంగుమని ఒక్కటే మోగి ఆగిపోయింది. ఎదురింటి తలుపు దడాలున తెరుచుకుంది. ఆ ఇంటావిడ దుప్పటితోనే బయటికొచ్చింది.

"అయ్యో, ఎవరు పోయారండీ?"

"ఎవరూ పోలేదమ్మా, నేనొచ్చాను!"

"ఓరి దేవుడా, మీరా" అని గుండె మీద చెయ్యి వేసుకుని లోపలికెళ్ళిపోయింది.

మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి బెల్టు గుర్తొచ్చింది. బెల్టు కూడా అంతే, తిరిగొచ్చేవైపు వదులు ఉండాలి. లేకపోతే తెగుతుంది. లాగి, వదిలేశాడు. తాడు అరచేతుల్లోంచి పైకి జారిపోయింది, మళ్ళీ దిగొచ్చింది. దారిచ్చాడు. గంట ఊగడం మొదలుపెట్టింది.

"వినపడిందా అని అడుగుతావు. వినపడింది. చెవుల్లో కొంచెమే, పళ్ళలో ఎక్కువ. దవడలు జివ్వుమన్నాయి. ఆపబుద్ధి కాలేదు. పాస్టరుగారు వచ్చి భుజం తట్టి, 'అందరూ వచ్చేశారండీ, చాలు' అనేదాకా కొట్టాను."

తర్వాత లోపలికెళ్ళి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ముందు ఆవిడ నిలబడింది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకుంది. నోరు తెరిచింది.

ఇక్కడికొచ్చేసరికి మిల్లాయన గొట్టం దగ్గరికి వెళ్ళాడు. గుడ్డ తొడుగుని దులిపాడు. అందులో దులపడానికి ఏమీ మిగల్లేదు.

"పాట వినపడలేదు నాకు. వినపడిందని చెప్తే నీకు బాగుంటుంది. కానీ వినపడలేదు. చూశాను అంతే. నేను ముందు నిలబడ్డన్నాళ్ళూ వీళ్ళు నా వెనక ఉండేవాళ్ళు కదా, ఎప్పుడూ చూడలేదు. వెనక నుంచి చూస్తే పాడేవాడెవడో, పెదవులాడించేవాడెవడో ఇట్టే తెలిసిపోతుంది. పాడేవాడి వీపు కదులుతుంది. ఆ రోజు అన్ని వీపులూ కదిలాయి. మా గంట తాత వీపైతే కోడిపుంజు వీపులాగా ఉంది!"

ఇంటికొస్తుంటే దారిలో ఆవిడ అడిగిందట, ఎలా ఉందండీ అని. ఈయన ఆలోచించి, "వీపులు బాగా పాడాయి" అన్నాడట. ఆవిడకి నవ్వాలో, ఏడవాలో తెలియక ఈయన చొక్కా మీద లేని పిండిని దులిపిందట.

పాట పోయిన బాధ పోలేదు. ఎవరైనా చనిపోతే ఇంకా గొంతు దానంతటదే పైకి వస్తుంది, అప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటానని చెప్పాడు. వచ్చే జనవరి ఒకటిన దింపేశాం అన్నాక ఏం ఎత్తుకుంటాడో ఇప్పుడే చెప్పనన్నాడు. "నన్నేమీ అడక్కు. ఈసారి మాత్రం పాస్టరుగారి నోరు కనపడే చోట కూర్చుంటాను."

పిండి చల్లారింది. సంచిలోకి ఎత్తి, మూతి బిగించి ముడివేశాడు. బరువు తన భుజాన పెట్టుకుని గుమ్మందాకా మోసుకొచ్చాడు. సైకిల్ వెనక పెట్టి తాడుతో కట్టాక కూడా సైకిల్ హ్యాండిల్ వదల్లేదు. అటూ ఇటూ చూశాడు. ఆ రోజు మొదటిసారి గొంతు తగ్గింది.

"నువ్వుండేది ఇటుకబట్టీల అవతలేగా? అక్కడి నుంచి కూడా చర్చికి వస్తారు పాపం, నడుచుకుంటూ. ఎప్పుడూ పాట సగంలో వస్తారు. గంట అక్కడిదాకా పోతోందా, లేదా అని నా అనుమానం. అడిగితే అందరూ 'అదిరిపోయిందండీ' అంటున్నారు. ఈ ఊళ్ళో ఆ మాటని ఇక నేను నమ్మను. ఈ ఆదివారం పొద్దున్నే లేచి, మీ వాకిట్లో నిలబడి నువ్వు విని పెట్టు. వినపడకపోతే వచ్చి వినపడలేదనే చెప్పు. స్తంభాలు ఇంకాస్త ఎత్తు చేయించుకుంటాను. నా మొహం చూసి మొహమాటపడకు నాయనా, నీకు పుణ్యం ఉంటుంది."